ఆడవాళ్ల వైపు కూర్చున్న సంఘ పెద్ద

నా డైరీలన్నీ ముత్యాల్లాంటి అక్షరాలే. ఒక్క ఆదివారం పేజీ మాత్రం కోడి కెలికినట్టుంటుంది. నా పరువు కొల్లేట్లో కలిసిన రోజది. చెబుతాను, నవ్వుకోండి.

అప్పటికి రిటైరై ఏడాది. ఏలూరులో మా చర్చికి సంఘ పెద్దని. నేలమీద సుద్దతో గీత గీసి, ఎడమవైపు మగవాళ్లని, కుడివైపు ఆడవాళ్లని కూర్చోబెట్టడం నా పని. చేప కోసం కొంగ కాసినట్టు ఆ గీతని కాసేవాణ్ణి. 'ఆరాధన క్రమంగా జరిగింది' అని ఆదివారం సంగతి శనివారమే రాసిపెట్టుకునే రకాన్ని.

ఆ రోజు కొల్లేటికోట నుంచి మార్తమ్మగారు కొడుకు రాజుతో వచ్చారు. అతనికి ముప్పై ఏళ్లు, మాటలు రావు, తల్లి చెయ్యి వదలడు. ఆవిడ గుమ్మంలోనే ఆగారు.

"ఇది మూడో చర్చండీ. అరుస్తాడని రెండుచోట్ల రావద్దన్నారు. ఇక్కడా కుదరకపోతే ఇంట్లోనే ప్రార్థన చేసుకుంటామండీ."

ఇంత విన్నాక నా ఘనకార్యం వినండి. "రండమ్మా. అబ్బాయి మాత్రం మగవాళ్ల వైపండీ" అని అతనికి చెయ్యి చాచాను.

రాజు నా కుడి మణికట్టు పట్టుకున్నాడు. వలలు లాగిన చెయ్యి. నేను ఎడమకి లాగాను, అతను తల్లి వెంట కుడికి నడిచాడు. వలలో కొరమీనులా గిలగిల్లాడుతూ వెళ్లి మా ఆవిడ పక్కన పడ్డాను. ఎవరు గీసిన గీత వాళ్లే దాటతారన్నమాట. చర్చి అంతా నన్నే చూస్తోంది.

మార్తమ్మగారు బెదిరిపోయి లేచారు. "వెళ్లిపోతామండీ."

మా ఆవిడ ఆవిణ్ణి కూర్చోబెట్టింది. "మీరు కూర్చోండి వదినా." తర్వాత నా వైపు తిరిగింది. "ఏవండీ, నలభై ఏళ్లకి చర్చిలో నా పక్కన కూర్చున్నారు. కదిలారంటే ఊరుకోను."

ప్రార్థన చివర, ఆమేన్ అనబోయేంతలో రాజు గొంతెత్తాడు. "ఆ..." అంటూ ఒకటే రాగం, పైకప్పు నిండా. ఎవరూ తల తిప్పలేదు. పాస్టరుగారు కళ్లు మూసుకునే ఉన్నారు. ఆ గొంతు దానంతటది ఆగాక, అందరం కలిసి ఆమేన్ అన్నాం. అన్నేళ్లూ ఫైలు మీద ముద్ర వేసినట్టు అన్న మాట, ఆ రోజే విన్నాను.

మార్తమ్మగారు కొంగుతో కళ్లొత్తుకుని, "వచ్చే వారం కూడా రావచ్చాండీ?" అని అడిగారు. నేను తలూపాను.

ఇకమీదట సుద్దముక్క ముట్టనని, ఎవరెక్కడ కూర్చోవాలో చెప్పనని, ఆదివారాన్ని శనివారం రాయనని అక్కడే జేబులోంచి డైరీ తీసి ప్రమాణం రాశాను. ఎడమచేత్తో. కుడిచెయ్యి ఇంకా రాజు దగ్గరే ఉంది.