ఎడారి కొండల్లో నేను, నార్సింగిలో నా ఆకుపచ్చ చుక్క

ఆ శుక్రవారం నేను రెండు అబద్ధాలాడాను. ఇంటి నుంచి పని చేస్తున్నానని ఆఫీసుకు చెప్పాను. ఆఫీసు పనిమీద బెంగళూరు వెళ్తున్నానని నా భార్య సుజాతకు చెప్పాను. నిజానికి వెళ్లింది రాజస్థాన్‌కి, ఎడారి కొండల మీద సూర్యాస్తమయం ఫొటోలు తీసుకోవడానికి.

దయ్యాలూ శకునాలూ నా తలకెప్పుడూ ఎక్కలేదు. ప్రతిదానికీ ఒక కారణం ఉంటుంది, వెతికితే దొరుకుతుంది అనుకునేవాణ్ణి. సాఫ్ట్‌వేర్‌లో తప్పులకు కారణాలు వెతకడమే నా ఉద్యోగం. ఈ ఒక్కదానికి మాత్రం దొరకలేదు.

మా ఆఫీసు హైదరాబాద్ రాయదుర్గంలో. ఇంటి నుంచి పని చేసే రోజు మనం కంప్యూటర్ ముందు ఉన్నామో లేదో పేరు పక్కన ఉండే చుక్క చెబుతుంది. పని చేస్తుంటే ఆకుపచ్చ. కాసేపు ఏదీ కదలకపోతే పసుపు. దానికి మావాళ్లు కనిపెట్టిన చిట్కా ఒకటుంది. మౌస్‌ను చేతి గడియారం మీద పెడితే చాలు, కింద సెకన్ల ముల్లు తిరుగుతుంటే మౌస్ కదులుతున్నట్టే లెక్క, మనిషి ఉన్నట్టే.

నార్సింగిలో మా ఎదురు ఫ్లాట్‌లో శ్రీనన్న ఉంటాడు. పాలమూరు మనిషి. వేరే కంపెనీలో రాత్రి షిఫ్టు, పగలంతా ఇంట్లోనే. ముందురోజు సాయంత్రం నా ల్యాప్‌టాప్ అతనికిచ్చి పాస్‌వర్డ్ కూడా చెప్పాను. గడియారం విప్పి చూపిస్తూ నవ్వాడు.

"మంచిగుంది తమ్మీ! నౌకరి నా గడియారం చేస్తది, జీతం నువ్వు తీస్కుంటవ్."

జోధ్‌పూర్‌లో దిగి, జీపు మాట్లాడుకుని బార్మేర్ వైపు వెళ్లాను. కొండ కింద జీపు ముందు నిలబడి ఫొటో దిగి శ్రీనన్నకు పంపాను. రాత్రికి పైనే ఉండి సూర్యోదయం కూడా తీస్తానని, తెల్లారాక రమ్మని జీపతన్ని పంపేశాను.

చెట్టూ చేమా లేని కొండలు. కాల్చిన ఇటుక రంగులో వరుసగా ఇసుకలోంచి లేచి ఉన్నాయి. సూర్యుడు దిగిపోతుంటే ఇంకాస్త పైనుంచి తీద్దామని పక్క బండ మీదికి అడుగేశాను. కాలికింద రాయి దొర్లింది. కుడికాలు రెండు బండల మధ్య ఇరుక్కుపోయింది. లాగితే ప్రాణం పోయినంత నొప్పి. నీళ్లున్న సంచీ చేతికి అందదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు. చలి మొదలైంది.

నేను చేసుకున్నదేమిటో అప్పుడర్థమైంది. నా భార్య లెక్కలో నేను బెంగళూరులో ఉన్నాను. ఆఫీసు లెక్కలో ఆకుపచ్చగా వెలుగుతున్నాను. ఇక నన్ను వెతికేదెవరు?

అరిచాను. గొంతు పోయాక ఏడ్చాను. "సుజాతా, తప్పైపోయింది" అని పైకే అన్నాను.

చీకటి చిక్కబడుతుండగా కింద టార్చిలైట్లు కనిపించాయి. జీపతను, ఇద్దరు గొర్రెల కాపరులు. ముగ్గురూ కలిసి బండను కదిపి నన్ను బయటికి లాగారు. హైదరాబాద్ నుంచి మీ అన్న ఒకటే ఫోన్లు చేస్తున్నాడని జీపతను హిందీలో చెప్పాడు.

ఆస్పత్రి నుంచి శ్రీనన్నతో మాట్లాడాను.

"పొద్దు గూకేటప్పుడు నీ చుక్క పసుపైంది తమ్మీ. గడియారం మంచిగనే తిరుగుతుంది. మౌస్ చేత్తోని కదిపిన, టకటక కీలు కొట్టిన, ఇగ పచ్చగైతలేదు. నీకు ఫోన్ జేస్తే కలుస్తలేదు. దిల్ నిలబడలే. నువ్వు పంపిన ఫొటోల జీపు మీద నంబరుండె, ఆయనకు జేసిన."

"సుజాతకు చెప్పావా?"

"చెప్పకుండ ఎట్లుంట? తిట్టుకుంటే తిట్టుకో. మళ్ల నేను ఊకనే చూస్తుండంగ, ముట్టుకోనన్న లేదు, అదే పచ్చగైంది. జర సేపటికే జీపాయన ఫోన్ జేసిండు, దొరికిండని."

కట్టుతో ఇంటికొస్తే సుజాత తలుపు తీసింది. "బెంగళూరులో చలి ఎలా ఉందండీ?" అంది. తర్వాత నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

సోమవారం మా మేనేజరుకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. ఆవిడ కంప్యూటర్లో చూసింది. "శుక్రవారం నువ్వు ఒక్కసారి కూడా పసుపు కాలేదే. నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు" అంది.

మరి శ్రీనన్న చూసిందేమిటి? సిస్టమ్స్ వాళ్లనడిగాను. ఏవేవో చెప్పారు గానీ, సరిగ్గా నా కాలు ఇరుక్కున్న వేళకే ఎందుకన్నది ఎవరూ చెప్పలేకపోయారు. శ్రీనన్న అబద్ధమాడడు. అది నా అలవాటు.

ఆ రోజు జీతం వదులుకున్నాను, హెచ్చరిక లేఖ తీసుకున్నాను. ఇప్పుడు భోజనానికి లేస్తే నా చుక్క పసుపవుతుంది, కానిస్తాను.

మొన్న చలికాలం సుజాతను తీసుకుని ఆ కొండల దగ్గరికే వెళ్లాను. ఆ కాపరులను వెతికి దండం పెట్టాం. పైకెక్కలేదు. కిందే నిలబడి సూర్యుడు దిగడం చూశాం. తిరుగు ప్రయాణానికి ముందు శ్రీనన్నకు ఫోన్ చేశాను.

"ఏడున్నవ్ తమ్మీ?"

"ఆ కొండల దగ్గరే అన్నా. సెలవు పెట్టి వచ్చాను. పక్కన సుజాత ఉంది."

"అట్లయితే ఫికర్ లేదు" అన్నాడు. "గడియారం నా చేతికే ఉంది."