రాజు చచ్చేవేళకి ఉల్లిపాయలు

మాటకు మాట అంటించడంలో తన తర్వాతే ఎవరైనా అనుకునేది వదిన, ఆడపడుచు ఆ రోజు నాటకాల మాస్టారి నోరు మూయించేదాకా.

ఆడపడుచు పేట నాటకాల హాల్లో వంట చేస్తుంది. హాలు పేటవాళ్లందరిదీ. పగలు బల్లలు చెక్కే వడ్రంగి సాయంత్రానికి రాజవుతాడు, బట్టలు కుట్టేవాడు మంత్రి అవుతాడు. హాలు వెనకగోడకు ఆనుకుని వంటగది, మధ్యన గిన్నె పట్టేంత కిటికీ. విరామంలో రొట్టె, ఉల్లిపాయల అట్టు, వేడివేడి టీ. ఆ రోజుల్లో ఉల్లిపాయలు తోచినప్పుడు వేయించేసేది. ఓ సాయంత్రం మాస్టారు వంటగదిలోకి ఊడిపడ్డాడు. రాజు ప్రాణం విడుస్తుంటే జనం ముక్కులు ఎగబీలుస్తున్నది ఏడుపుకి కాదు, నీ పెనానికి అని మండిపడ్డాడు.

ఆమె పొయ్యి దగ్గర్నించి కదల్లేదు. "మీ రాజు చచ్చేలోపు జనం ఆకలితో చచ్చేట్టున్నారు మాస్టారూ. ఆయన చావు కాస్త కుదించండి. ఆయన పోయాకే నా ఉల్లిపాయలు పెనమెక్కుతాయి."

కిరీటం చంకలో పెట్టుకుని వచ్చిన వడ్రంగి, నేల మీద అంతసేపు దొర్లితే తనకూ నడుం పట్టేస్తోందన్నాడు. మాస్టారి పని అయిపోయింది. అప్పట్నించి రాజు చప్పున చస్తున్నాడు.

"దీపం ఆర్పకండి" అన్నది రాజు ఆఖరి మాట. అది చెవిన పడగానే ఉల్లిపాయలు పెనంలోకి, పాలు పొయ్యి మీదకి. రాణి ఏడ్చి ముగించి విరామానికి తెర పడేసరికి అన్నీ సిద్ధం. గడియారాన్ని ఆమె పైసాకి నమ్మదు. చప్పట్లు పడ్డ రోజు రాజు యుద్ధం సాగదీస్తాడు, గొంతు పట్టేసిన రోజు చుట్టబెట్టేస్తాడు. ఎదురుగా టీకొట్టుంది మరి. విరామంలో వీధి దాటినవాడు మళ్లీ దాటి రాడన్నది ఆమె మాట. కుర్చీలో కూర్చున్నవాడి చేతికి గ్లాసు అందితే రెండో సగానికీ ఉంటాడు. హాలు దీపాలు వెలుగుతున్నది ఆ గ్లాసుల పుణ్యానే.

వదిన కూరలు తరగడానికి వచ్చేది గానీ ఒక్క నాటకం చూసిన పాపాన పోలేదు. ఇంట్లో ఊరికే వచ్చే ఏడుపుకి టికెట్టు కొనడం దేనికని దెప్పేది.

ఈమధ్య ఆడపడుచు వేషగాళ్ల మీద విసుక్కోవడం మొదలుపెట్టింది. అందరూ గొణుగుతున్నారట, నోట్లో దూది కుక్కుకున్నట్టు. తర్వాత ఓ సాయంత్రం తెర పడింది, వంటగదిలో పాలు చల్లగా ఉన్నాయి, ఉల్లిపాయలు పళ్లెంలోనే ఉన్నాయి. జనం వీధి దాటారు. రెండో సగంలో రాజు కొడుకులు సింహాసనం కోసం ఖాళీ కుర్చీల ముందు కొట్టుకున్నారు. ఇంకోసారి ఇలా అయితే వంటగదికి తాళం వేస్తామని హాలు పెద్దలు తేల్చేశారు.

మర్నాడు గిన్నెలు తోముతున్న ఆడపడుచుని వదిన వెనకనించి తిట్టిపోసింది. మొద్దు, నిద్రమొహం అని నోటికొచ్చినవన్నీ అంది. జవాబు లేదు. మాట పడి ఊరుకునే మనిషి కాదే. వదిన తిట్లు ఆపేసింది. ముందుకొచ్చి నిలబడి, తన చెవి ముట్టుకుని చూపించి, ఎన్నాళ్లయిందని అడిగింది.

"ఎడంది పోయి చాలా రోజులైంది," అంది ఆడపడుచు, పళ్లెం తుడుస్తూ. "కుడిది దగ్గరకొచ్చి అరిస్తే వింటుంది. వంట చేసేది చేతులు, చెవులు కాదు. తాళం వెయ్యనివ్వను."

తడిచేతులు తుడుచుకుని వదినని హాల్లోకి లాక్కెళ్లింది. ఆఖరి వరసలో, కిటికీలోంచి తిన్నగా కనపడే కుర్చీ ముందే దులిపి ఉంచింది. భుజాలు పట్టి అందులో కూలేసింది.

"రోజూ ఇక్కడ కూర్చో వదినా. రాజు 'దీపం ఆర్పకండి' అనగానే చెయ్యెత్తు. నేను చూస్తుంటాను."

ఈ వయసులో తనకా నాటకాలని వదిన నసిగింది. ఆ నసుగుడు ఆడపడుచుకి వినపడలేదు, లేదా వినపడనట్టు ఉండిపోయింది.

"ఆయన బాగా చస్తాడు, నీకు ఏడుపొస్తుంది," అంది. "ముందు చెయ్యెత్తు. తర్వాత తీరిగ్గా ఏడువు."