పెదవులా, పదములా

నాకు వచ్చింది ఒకటే పాట. కాకపోతే అది రెండు రకాలుగా వచ్చు. నా పెళ్ళిచూపులు ఆ రెంటి మధ్యా ఇరుక్కుని నలిగిపోయాయి కాబట్టి ముందు పాటల సంగతే చెప్పాలి.

మొదటిది అసలు పాట. అది ఏ సినిమాలోదీ కాదు. గిటారు, డ్రమ్ములు పెట్టి పాడితే చాలు, దానికి పాప్ అని పేరు పెట్టి కాలేజీ పిల్లలు ఎగబడి వినే రోజులవి. దిల్‌సుఖ్‌నగర్ బస్టాపు దగ్గర క్యాసెట్ల షాపతను పొద్దున్నే షట్టరు ఎత్తి, అగరుబత్తి వెలిగించి, ఆ వెంటనే ఈ పాట పెట్టేవాడు. నేను మలక్‌పేటలో ఒక చిన్న బడిలో లెక్కలు చెప్పేదాన్ని. నా బస్సు ఏనాడూ వేళకు రాలేదు. అలా నిలబడి నిలబడి, క్యాసెట్టు కొనకుండానే పాట మొత్తం నోటికి వచ్చేసింది.

"చెలీ నీ పెదవులే చాలునులే, వేరే తేనెలు ఏలనులే" అని పల్లవి. పాడినతని గొంతు బొంగురు. పై స్థాయికి వెళ్ళినప్పుడల్లా శ్రుతి కాస్త జారేది. కానీ 'చాలునులే' అన్న చోట ఒక విరుపు ఉండేది, పాడటం మానేసి ఎదురుగా ఉన్న మనిషితో మాట్లాడినట్టు. అది వినగానే నాకు చెవులు వేడెక్కేవి. పక్కన నిలబడ్డ పెద్దాయన నావైపు చూస్తే, ఆ పాట నేనే పెట్టించానని అనుకుంటాడేమోనని బస్సు వచ్చే దిక్కుకు తెగ చూసేదాన్ని.

రెండోది భజన. మా కాలనీలో అప్పటికి సగం ప్లాట్లలో హద్దురాళ్ళు మాత్రమే ఉండేవి. గుడికి వదిలిన స్థలంలో ఒక రేకుల షెడ్డు వేసి దేవుడి పటం పెట్టారు. శనివారం సాయంత్రం ఆడవాళ్ళు అక్కడ చేరేవాళ్ళు. వాళ్ళకు పెద్ద మా పక్కింటి ఆంటీ. వాళ్ళది తెనాలి వైపు. ఆమె ఎక్కడినుంచో ఒక భక్తిగీతాల క్యాసెట్టు తెచ్చింది. అందులో మూడో పాట మొదలవగానే నేను ఉలిక్కిపడి అటూ ఇటూ చూశాను. అది నా బస్టాపు పాట.

"హరీ నీ పదములే చాలునులే, వేరే సిరులు ఏలనులే."

ఆ భజన రాసిన మహానుభావుడు ఎవరోగానీ మహా పొదుపరి. 'చెలీ' తీసి 'హరీ' పెట్టాడు. 'పెదవులు' తీసి 'పదములు' పెట్టాడు. తేనెలు పోయి సిరులొచ్చాయి. మిగతాదంతా, ఆ 'లే'లతో సహా, ముట్టుకోలేదు. కిరాయి ఇంట్లో దిగినవాడు గోడమీది సినిమా క్యాలెండరు తీసేసి అదే మేకుకు దేవుడి పటం తగిలించుకున్నట్టుంది. చరణంలో "అలిగి నువ్వు వెళ్ళిపోతే అన్నమైనా దిగదులే" అని ఉంటుంది. అది కూడా అలాగే వదిలేశాడు. స్వామి ఎందుకు అలుగుతాడని భజనలో ఒకావిడకు అనుమానం వచ్చింది.

"మన పాపాలు చూసి అలగడా ఏంటి? అలుగుతాడు. నువ్వు తాళం వెయ్యవమ్మా!" అని ఆంటీ తేల్చేసింది.

నిజం చెప్పాలంటే పాటగా చూస్తే భజనే మేలు. పాడినామె గొంతు తీయగా ఉంటుంది, శ్రుతి ఎక్కడా తప్పదు, హార్మోనియం ఒద్దికగా వెంట నడుస్తుంది. 'చాలునులే' దగ్గర విరుపు మాత్రం లేదు. ఇస్త్రీ చేసి పెట్టినట్టు సాఫుగా పాడేసింది. ఆమె పాట వింటే ఆమెకు నిజంగానే చాలు అనిపిస్తుంది. బొంగురు గొంతువాడి పాట వింటే వాడికి ఏమీ చాలలేదనీ, ఇంకా అడుగుతూనే ఉన్నాడనీ అనిపిస్తుంది. నాకు ఆ అడగడమే ఇష్టం. ఆ సంగతి ఇంట్లో చెప్పే ధైర్యం లేదు.

ఇక సంబంధం విషయం. అంతకుముందు వచ్చిన వాళ్ళంతా ఒకటే మాట, పెళ్ళయ్యాక పిల్ల ఉద్యోగం మానుకోవాలి. బడిలో నేను తరగతిలోకి అడుగుపెడితే పిల్లలు గప్‌చుప్‌గా కూర్చునేవాళ్ళు. ఇంట్లో నన్ను చూసి పిల్లి కూడా జరిగేది కాదు. ఆ గౌరవం వదులుకోవడానికి నేను సిద్ధంగా లేను. ఈసారి వచ్చిన వాళ్ళది ఎల్బీనగర్. ద్రాక్షతోటలు ఉన్న పాత కుటుంబం. తోటలు ప్లాట్లయ్యాక అబ్బాయి తండ్రి ఆ వ్యాపారంలోనే ఉన్నాడు. అబ్బాయిది సర్కారు ఆఫీసులో నౌకరీ, పిల్ల పనిచేస్తే తనకు సంతోషమే అన్నాడట.

"కాని గా ఇంట్ల తల్లి మాటనే మాట. ఆమెకు భక్తి జాస్తి. ఆమె ఊ అంటే పిల్ల నౌకరీ ఉంటది, లేదంటే లేదు" అని మధ్యవర్తి చెప్పి వెళ్ళాడు.

అమ్మ ఆ మాట పట్టుకుంది. ఆ వారమంతా నాకు భజన పాఠం.

"పాట పాడుమంటే గా హరి పాటనే పాడు. గా బస్టాపు పాట నోట్లకెళ్ళి ఒచ్చిందో, కాళ్ళిరగ్గొడ్త. ఏమనాలె?"

"పదములు."

"ఇంకోపారి?"

"పదములు!"

పక్కింటి ఆంటీ కూడా ఒక చెయ్యి వేసింది. "కంగారుపడకమ్మాయ్. ఆ మాట వచ్చినప్పుడు స్వామివారి పాదాలు కళ్ళముందు నిలుపుకో. నోరు దానంతటదే తిరుగుతుంది" అంది. సలహా మంచిదే. దాన్ని పాటించబట్టే అంతా జరిగింది.

వాళ్ళు ఆదివారం వచ్చారు. అబ్బాయి, తల్లి, తండ్రి. నాయన కుర్చీలు సరిపోక పక్కింటివి తెచ్చి వేశాడు. నేను చాయ్ ఇచ్చి, తల వంచుకుని చాపమీద కూర్చున్నాను. అబ్బాయి తల్లి గట్టి మనిషి, నుదుట పెద్ద బొట్టు. తండ్రి కాళ్ళు బార్లా చాపుకుని, అది తన ఇల్లే అన్నట్టు కుర్చీలో వెనక్కి వాలాడు. వంట ఎట్లా చేస్తావు, చెల్లెండ్లు ఎంతమంది వంటివి అయ్యాక ఆమె అసలు మాట అంది.

"ఒక పాట పాడు బిడ్డా. దేవునిది."

అమ్మ నాకేసి చూసిన చూపు నాకు వీపుకు తగిలింది. మొదలుపెట్టాను. హరీ అన్నాను. స్వామివారి పాదాలు కళ్ళముందుకు తెచ్చుకుందామని చూశాను. తల వంచుకుని ఉన్నాను కదా, కళ్ళముందున్నవి అబ్బాయి పాదాలు. బూట్లు గుమ్మం బయట విప్పి వచ్చాడు. ఎడమకాలి సాక్సు చిరిగి బొటనవేలు బయటికి తొంగిచూస్తోంది. అది చూసి నాకు భక్తి రాలేదు, నవ్వొచ్చింది. పాదాలు ఇక లాభం లేదని కళ్ళు పైకెత్తాను. అబ్బాయి పెదవులు కదుపుతున్నాడు. చప్పుడు లేకుండా నాతోపాటు పాడుతున్నాడు. అతను పాడుతున్నది భజన కాదని ఆ పెదవుల వాటం చూస్తేనే తెలిసిపోయింది.

"హరీ నీ పెదవులే చాలునులే" అన్నాను. పైగా 'చాలునులే' దగ్గర ఆ విరుపు కూడా పడింది.

వంటింటి గుమ్మంలో ఉన్న ఆంటీ "హరి హరీ" అని చెంపలు వేసుకుంది. అబ్బాయికి చాయ్ పొలమారింది. నాయన ఫ్యాను వైపు చూస్తూ ఉండిపోయాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. స్వామివారి పెదవులను అడిగిన ఆడపిల్ల మా కాలనీలో నేను ఒక్కదాన్నే.

"ఏమన్నవ్ బిడ్డా?" అంది అబ్బాయి తల్లి. "పదములే కదా? నేను దినాం పొద్దుగాల దీపం పెట్టి పాడుత."

నేను నోరు తెరిచేలోపే అబ్బాయి దగ్గు ఆపుకుంటూ అందుకున్నాడు. మంచివాడే, కానీ ఎప్పుడు ఊరుకోవాలో తెలియని మంచివాడు. ఇప్పటికీ అంతే.

"అమ్మా, అసలు పాటల పెదవులే ఉన్నది. ఆమె తప్పేం లేదు."

"అసలు పాటేంది?"

"ప్రేమ పాట. ముందు గదే ఒచ్చింది. నీ భజన దానిమీదకెళ్ళే తీసిన్రు."

"గట్లెట్ల? ప్రేమ పాటోళ్ళే దేవుని పాటను ఖరాబు చేసిన్రేమో?"

"కాదే అమ్మా. నీదే నకలు."

ఆమె ముఖం చిన్నబోయింది. రోజూ దేవుడి ముందు పాడుకుంటున్న పాట ఇంకెవరో విడిచిన చీర అని నలుగురిలో చెప్పేస్తే ఎవరికి మాత్రం ఎలా ఉంటుంది? నాకు ఆమె మీద జాలి వేసింది. అంతకంటే ఎక్కువ నా మీద నాకు జాలి వేసింది. నల్లబల్ల, సుద్దముక్క, నేను రాగానే గప్‌చుప్ అయ్యే పిల్లలు, అన్నీ కళ్ళముందే దూరంగా వెళ్ళిపోతున్నాయి.

"పిల్లలు గట్లనే ఉంటరు. ఇగ లేద్దామా?" అన్నాడు అబ్బాయి తండ్రి, కాళ్ళు కదపకుండానే.

"ఆగుండ్రి" అందామె. నావైపు తిరిగింది. "గా ముందటి పాట నీకొస్తదా?"

"ఒస్తది" అన్నాను.

"పాడు."

"ఒద్దు వదినా, గది మంచి పాట కాదు, ఇంకోటి దేవునిదే పాడుతది..." అని అమ్మ అడ్డం వచ్చింది.

"పాడనియ్యి వదినా. ఇన్నిదినాలు నకలు పాడిన. అసలుదేందో ఇననియ్యి."

పాడాను. ఇక పోయేదేముంది అనుకుని, భయం వదిలేసి, బస్టాపులో విన్నది విన్నట్టు పాడాను. చెలీ అన్నాను, పెదవులన్నాను, తేనెలన్నాను. ఆమె అలవాటు కొద్దీ కళ్ళు మూసుకుని, చేతులు జోడించుకుని మొదలుపెట్టింది. 'చాలునులే' దగ్గరికి వచ్చేసరికి కళ్ళు తెరిచింది. కాసేపటికి జోడించిన చేతులు విడిపోయి ఒళ్ళో పడ్డాయి. "అలిగి నువ్వు వెళ్ళిపోతే అన్నమైనా దిగదులే" అన్నప్పుడు చెయ్యెత్తి ఆపింది.

"గది మల్లొకపారి."

మళ్ళీ పాడాను.

"గిది పాడేది మొగోడేనా?"

"మొగాయనే" అన్నాను.

"ఆమె అలిగితే ఈయనకు బువ్వ దిగదా?"

"పాటల గట్లనే ఉంది."

ఆమె పక్కన వాలి కూర్చున్న భర్త వైపు తిరిగి "ఇన్నవా?" అంది. ఆయన "ఏంది?" అన్నాడు. వినలేదని తెలుస్తూనే ఉంది.

ఆమె మా అమ్మ వైపు తిరిగింది. "ముహూర్తం చూడుండ్రి వదినా. పిల్ల నౌకరీ ఇడిచేది లేదు. నేను చెప్తున్న."

అమ్మ సంతోషం పట్టలేక "భజన గూడ మంచిగ నేర్పిస్త వదినా, తప్పులేకుంట పాడుతది" అంది.

"ఒద్దు" అందామె. "లగ్గమైన కాడికెళ్ళి గీయన కాళ్ళొత్తుకుంటనే ఒచ్చిన. నాకు పదములే దొరికినయ్. నువ్వు ముందటి పాటనే పాడుకో బిడ్డా."

నేను నవ్వబోయాను. ఆమె నవ్వడం లేదు. కాబోయే మామయ్య చాపిన కాళ్ళు మెల్లగా కుర్చీ కిందికి లాక్కున్నాడు.