దోల్గోర్ వదిన ఫోన్ ఎత్తే పద్ధతి

మా లోయలో ఎవరికి ఫోన్ చేసినా మొదటి రెండు నిమిషాలూ కుశల ప్రశ్నలకే పోతాయి. దోల్గోర్ వదిన దగ్గర ఆ మర్యాదలేమీ ఉండవు. ఎత్తగానే “చెడ్డకబురు ఉంటే ముందు అది చెప్పు” అంటుంది. కొత్తవాళ్లు బిక్కచచ్చిపోతారు. “మనిషి కనిపిస్తే కుక్కయినా తోకాడిస్తుంది, ఈవిడకి పలకరింపు కూడా బరువే” అని మా పెద్దలు కొందరు ఎద్దేవా చేశారు. ఆ మాట నా గుడారంలో అన్నవాడికి నేను రెండో గిన్నె టీ పోయలేదు.

వదినకి యాభై ఆరేళ్లు. పొట్టి మనిషి. ఎదిగిన గొర్రెని చంకలో ఇరికించుకుని నడుస్తూనే ఎవరితోనైనా పోట్లాడగలదు. నా పెళ్లినాడు నా భార్య హందాని పక్కకి పిలిచి, “వీడికి పని తక్కువ, కబుర్లెక్కువ. నోరు మూయించాలంటే కడుపు నింపు” అని చెప్పింది. హందా నేటికీ ఆ సలహానే పాటిస్తోంది.

వదిన భర్త సంబూ. మాకు రక్తసంబంధం లేదు, పక్క మకాం కాబట్టి అన్న. ఏడేళ్ల కిందట జిల్లా కేంద్రం నుంచి ఒకేలాంటి బటన్ ఫోన్లు రెండు తెచ్చాడు, తనకొకటి, వదినకొకటి. చుట్టూ నల్ల రబ్బరు, ఇటుకంత బరువు. ఒకదాన్ని గుర్రం తొక్కినా బతికింది. రెండోది పాలకుండలో పడితే తుడిచి పెట్టారు, మోగింది. ఒకసారి చార్జింగ్ పెడితే పదిహేను రోజులు చూడక్కర్లేదు. అప్పట్లో నా దగ్గర వేలితో తోసే పెద్ద ఫోన్ ఉండేది.

“అన్నా, ఆ ఇటుక పారెయ్. ఇందులో చూడు, చలి ఎంతుందో బొమ్మతో సహా చూపిస్తుంది” అని గొప్పలు పోయేవాణ్ణి.

“నీది చలెంతో చెప్తుంది, నాది చలికి ఓర్చుకుంటుంది. ఏది గొప్పదో చలికాలంలో మాట్లాడుకుందాంలే” అనేవాడు.

మా గుడారం దగ్గర సిగ్నలే లేదు, కొండెక్కాల్సిందే. వదిన గుడారంలో ఉంది కానీ ఒకే ఒక్క చోట. పడమటి వైపు గుడారం గోడకుండే చెక్క అల్లికకి ఒక మేకు, దానికి ఉన్ని సంచి, సంచిలో ఫోన్. జానెడు జరిపితే పలకదు.

మాలో మనిషి ఎదురైతే మొదటి మాట మంచిమాటే కావాలి. “చలికాలం బాగా గడుస్తోందా?” అని అడిగితే, సగం మంద చచ్చి కుప్పపడి ఉన్నా “బాగా” అనే అనాలి. కష్టం ఉంటే కూర్చుని, టీ తాగి, గిన్నె కింద పెట్టాక చెప్పుకుంటాం. తాతలనాటి పద్ధతి. తాతలకి ఫోన్లు లేవు.

ఐదేళ్ల కిందటి చలికాలంలో మంచు ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టింది. గడ్డి మీద గాజు పరిచినట్టయింది. గిట్టలతో తవ్వుకోలేక పశువులు నిలుచున్నచోటే చచ్చాయి. సంబూ అన్న గుర్రాల్నైనా దక్కించుకుందామని, ఒక రోజు ప్రయాణ దూరంలో ఉన్న వేరే మేతకి ఒంటరిగా తోలుకుపోతానన్నాడు. వదిన వద్దంది. ఎంత చెప్పినా వినకపోయేసరికి, “పెళ్లాం మాటకన్నా గుర్రం సకిలింపే నీకు తీపి. పో, వాటితోనే ఉండు” అనేసింది. నేను అక్కడే ఉన్నాను. అన్న జీను బిగించుకున్నాడు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఒంటిగంటన్నరకి మేకు మీది ఫోన్ మోగింది.

“చలికాలం బాగా గడుస్తోందా?” అంది వదిన.

“బాగా. నువ్వు కులాసానా?”

“కులాసా. గుర్రాలు ఒళ్లు నిలుపుకున్నాయా?”

“నిలుపుకున్నాయి. నీ మోకాలు ఎలా...” అంటుండగా లైను తెగిపోయింది.

వదిన సంతోషం పట్టలేకపోయింది. ఫోన్‌ని సంచితో సహా మెడలో వేసుకుని, పావుగంట స్వారీ చేసి మా గుడారానికి వచ్చింది. “బాగున్నాడటయ్యా! నా మోకాలి గురించి అడిగాడు, కోపం పోయినట్టే” అని ఫోన్ తీసి కాల్ వచ్చిన టైము కూడా చూపించింది. మంచికబురు తెచ్చిన మనిషిని ఉత్త కడుపుతో పంపుతామా? హందా మాంసం కుడుములు ఆవిరికి పెట్టింది. “ఫోన్ మేకుకి తగిలించాలి, పోతాను” అని వదిన రెండుసార్లు లేచింది. రెండుసార్లూ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది నేనే. “ఇప్పుడేగా మాట్లాడాడు, మళ్లీ ఏం చేస్తాడు? కూర్చో వదినా” అన్నాను. నాలుగు దాటాక కానీ పంపలేదు.

తర్వాత నాలుగు రోజులు ఏ కబురూ లేదు. ఐదో రోజు ఇద్దర్ని వెంటబెట్టుకుని వెళ్లాను. అన్న ఒక గుట్ట మీద దొరికాడు. అతను ఎక్కిన గుర్రం కింద వాగులో చచ్చిపడి ఉంది. అది జారి మీద పడ్డట్టుంది, అతని కాలు తొడ దగ్గర విరిగింది. ఆ కాలుతో వాగులోంచి గుట్ట మీదికి, సిగ్నల్ ఉండేచోటికి పాకాడు. పాకి, ఫోన్ చేసి, “బాగా” అన్నాడు.

ఫోన్ అతని అంగీ లోపల గుండెల దగ్గర ఉంది. చార్జింగ్ ఇంకా మూడు గీతలుంది.

మిగతా ఇద్దరూ గుర్రాల్ని వెతకడానికి దిగినప్పుడు, అతను చేసిన ఫోన్ల జాబితా తెరిచాను. ఒంటిగంటన్నర తర్వాత ఇంకా పదకొండు ఉన్నాయి. రెండింటికి మొదలై నాలుగు లోపల అయిపోయాయి. ఎనిమిది వదినకి. మూడు నాకు. నా గొప్ప ఫోన్ చలికి ఆరిపోయి వారం రోజులుగా పెట్టెలో పడుంది.

చేతితొడుగు తీసి ఒక్కొక్కటే చెరిపాను. “తీసేయాలా?” అని ఆ ఫోన్ పదకొండుసార్లు అడిగింది. పదకొండుసార్లూ అవునన్నాను. ఒంటిగంటన్నర కాల్ ఒక్కటి ఉంచాను. వదిన తట్టుకోలేదని చేశానని నాకు నేను చెప్పుకున్నాను. ఎనిమిదీ ఆమె కోసం చెరిపాననుకుందాం. నా మూడూ ఎవరి కోసం చెరిపినట్టు?

అప్పటినుంచి వదిన వాడేది అన్న ఫోనే. ఆ నంబరు నా ఫోన్‌లో ఇప్పటికీ “సంబూ అన్న” అనే ఉంది. ఎవరు చేసినా వదిన కుశల ప్రశ్నలు వినదు, ముందు చెడ్డకబురు అడుగుతుంది. తను మాత్రం ఆ ఫోన్ నుంచి ఎవరికీ చేయదు. చేస్తే ఆ జాబితాలో ఉన్న ఒంటిగంటన్నర వరస కిందికి జారి, చివరికి మాయమైపోతుందని భయం. ఏదైనా పనిబడితే ఇంకో మకాంకి పోయి వాళ్ల ఫోన్ అడుగుతుంది. చెల్లెలి కూతురు వేలితో తోసే పెద్ద ఫోన్ కొనిస్తే పెట్టెలోంచి కూడా తీయలేదు. నేనూ ఇప్పుడు బటన్ ఫోనే వాడుతున్నాను, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

ఈ వసంతంలో మేకల బొచ్చు దువ్వి తీయడానికి సాయం వెళ్లాను. మేకని కాళ్లమధ్య పట్టుకుని దువ్వుతూ దువ్వుతూ వదిన ఆగింది.

“ఒకటి అడగనా తమ్ముడూ? మీ అన్న ఫోన్‌లో చార్జింగ్ మూడు గీతలుంది. మళ్లీ ఎందుకు చేయలేదంటావు?”

నేను దువ్వెనలో చిక్కిన బొచ్చు తీస్తూ కూర్చున్నాను.

“పోయేనాడు అన్నాను చూడు, వాటితోనే ఉండు అని. అది మనసులో పెట్టుకున్నాడు. చావనైనా చస్తాను కానీ దీనికి మళ్లీ ఫోన్ చేయనని పంతం పట్టాడు. ఐదేళ్లుగా అదే అనుకుంటున్నా.”

ఆమెని కాపాడాననుకుని నేను చేసిన నిర్వాకం ఇది. మొగుడు తన మీద కోపంతో చచ్చిపోయాడని ఐదేళ్లు నమ్మించాను. నా బతుకు మీద నాకే అసహ్యం వేసింది. ఆమె ముఖం చూసి చెప్పే ధైర్యం మాత్రం రాలేదు. మర్నాడు పొద్దున్నే కొండెక్కాను. గాలి మనిషిని నిలబడనివ్వడం లేదు.

“చెడ్డకబురు ఉంటే ముందు అది చెప్పు” అంది వదిన.

నాలుక అలవాటు ప్రకారం తిరిగింది. “బాగున్నాం వదినా. నువ్వు బాగున్నావా?”

“బాగుంటే ఇంత గాలిలో కొండెందుకెక్కావు?”

ఇక చెప్పేశాను. “అన్న మళ్లీ చేశాడు వదినా. పదకొండుసార్లు చేశాడు. నీకు ఎనిమిది, నాకు మూడు. నేనే చెరిపేశాను.”

గాలికి మాట పోకుండా ఫోన్‌ని చెవికి నొక్కి పట్టుకున్నాను.

“అయితే కోపం లేదన్నమాట” అంది వదిన. ఆ గొంతు నేనెప్పుడూ విననిది.

“లేదు వదినా. లేదు.”

“ఎన్నింటికి చేశాడు?”

నేను భయపడ్డది ఆ ప్రశ్నకే. రెండు నుంచి నాలుగు దాకా అని చెప్పాను. తిడుతుందని చెవి ఒగ్గి నిలబడ్డాను. తిట్టి ఉంటే బాగుండేది.

“ఆ రోజు నువ్వు కూర్చోమన్నావని కూర్చోలేదు తమ్ముడూ” అంది వదిన. “హందా కుడుములు బాగున్నాయని ఇంకో రెండు నేనే అడిగి పెట్టించుకున్నాను.”