తాత భుజం మీది కొంగ

సంచులు కుట్టేవాళ్లు పాలిస్టర్ పట్టీని కత్తిరించి, కొస విడిపోకుండా అగ్గిపుల్లతో కాలుస్తారు చూడండి, ఆ వాసన తగిలితే చాలు, మరమగ్గాల పనికి వలసపోయి సూరత్‌లోని భేస్తాన్‌లో ఉన్న మా గది గుర్తొస్తుంది. తొంభైలవి ఆ రోజులు. పొద్దస్తమానం మగ్గాల మోతలో ఏం చెప్పినా అరిచి చెప్పాల్సిందే కాబట్టి, మా ఇంట్లో కథలన్నీ వారానికోసారి కరెంటు తీసేసే రోజుకు వాయిదా పడేవి. ఆ రోజు మా నాయనమ్మ అవ్వ సర్వపిండి తట్టేది, చలికాలమైతే నాన్న, అదే బాపు, పోంకు, అంటే కాల్చిన లేత జొన్నగింజలు, సన్న కారప్పూసతో పొట్లం కట్టించుకొచ్చేవాడు. మేం పిల్లలం ఖాళీ దారపు కోన్లతో గోపురాలు పేర్చుకుంటూ, తాత ఎప్పుడు గొంతు సవరించుకుంటాడా అని ఒక చెవి అటే వేసి ఉంచేవాళ్లం.

తాత పెద్ద యుద్ధంలో, అదే రెండో ప్రపంచ యుద్ధంలో, బర్మా దాకా పోయొచ్చిన సిపాయి. అందుకు మిగిలిన గుర్తు ఒక్కటే: నీలం ఉన్నిగుడ్డ మీద పసుపు దారంతో కుట్టిన కొంగ, ఆయన పల్టన్ చిహ్నం, ఒకప్పుడు యూనిఫాం భుజాన ఉండేది. ముక్కు కాస్త వంకర, ఒక కాలు పొట్టి. వానలూ జలగలూ కంచరగాడిదలూ అన్నీ ఆ గుడ్డ బిళ్లను మోకాలి మీద పెట్టుకునే చెప్పేవాడు; పోరాటం దాకా ఇంకా రాలేదు.

ఒక ఆదివారం, పక్క గదిలో ఉండే, పూల డిజైన్లు నేసే జకార్డ్ మగ్గం పనివాడు రాజయ్య కాక, పాత సామాన్ల బజారులో అదే కొంగ బిళ్ల కొనుక్కొచ్చాడు. దాని ముక్కు తిన్నగా, కాళ్లు సమంగా ఉన్నాయి. మగ్గం మనుషులకు తెలిసిన న్యాయం ఒక్కటే: డిజైన్ ఒకటైతే ప్రతి పువ్వూ ఒకేలా రావాలి, తేడా వస్తే సలాబత్‌పురాలో బట్ట కొనే సేఠ్ మొత్తం గుడ్డ తానునే వాపసు పంపుతాడు.

"ఏందే నాయినా, నీది డూప్లికేట్ లెక్కుంది. అసలు లడాయికి పోయినవా?" అన్నాడు బాపు నవ్వుతూ.

"క్యాంపు పక్క బజార్ల దర్జీలతోని కుట్టించిన్రు. ఒక్కొక్కనిది ఒక్కో తీరుంటది" అన్నాడు తాత. ఎవరూ నమ్మలేదు. వాడకట్టంతా 'డూప్లికేట్ సిపాయి' అని ఆటపట్టించింది. తాత బిళ్లను పెట్టెలో పెట్టేశాడు. బాపు మీద నాకు ఒళ్లు మండిపోయింది.

అవ్వ ఊరుకోలేదు. బట్ట ఏదో తేల్చుకోవాలంటే పోగు లాగి కాల్చి చూడటం మా ఇళ్లలో అలవాటే. తాత బిళ్లను పెట్టెలోంచి తీసి, రెండు బిళ్లల్లోంచీ చెరో పసుపు పోగు లాగి దీపానికి పెట్టింది. తాతది నూలు, బూడిదై రాలింది. రాజయ్య కాకది కరిగి నల్లటి పూసలా గడ్డకట్టింది.

"మా లగ్గమైన గా లడాయి దినాలల్ల గీ పాలిస్టర్ యాడిదిరా? రాజయ్యదే డూప్లికేట్" అని అవ్వ బాపును నిలదీసింది.

బాపు మొహం చిన్నబోయింది. "తప్పయింది నాయినా. బర్మా ముచ్చట జర చెప్పరాదే" అన్నాడు.

"నా మాట కన్న పోగునే నమ్మితిరి. ఇగ దాన్నే అడుగున్రి" అన్నాడు తాత. ఆ తర్వాత ఎంతమంది బతిమాలినా యుద్ధం ఊసెత్తలేదు.

ఇప్పుడు ఆ గదులు లేవు, ఆ మగ్గాలూ లేవు, తాత లేడు, బాపూ లేడు. మొన్న పాత సైనిక వస్తువులు సేకరించే ఒకాయన ఇంటికొచ్చి, తాత బిళ్లను భూతద్దంలో చూసి, నిఖార్సయినదేనన్నాడు. ఆనాటి బజారు కుట్టుపనిలో ఏ రెండూ ఒకేలా ఉండవట. తర్వాత కలం తీసి, మీ తాతగారు దీన్ని పెట్టుకుని ఏ చోట పోరాడారు అని అడిగాడు.

తెలియదన్నాను.