మచ్చ చెరిపిన పెళ్ళి వీడియో

దర్జీ కొట్టు మీది గదిలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేసే ఆవిడను వీధిలో అందరూ దుమ్మక్క అనేవారు. డిజిటల్ కెమెరా బొమ్మ మరీ కడిగిన గాజులా ఉంటుందని ఆవిడకు నచ్చదు. సాఫ్ట్‌వేర్‌తో దాని పదును తగ్గించి, రంగులు కాస్త వెచ్చబరిచి, పైన సన్నటి రేణువులు చల్లి, ఫిల్ము రీలు మీద తీసినట్టు చేస్తుంది. మొదట్లో ఒక పెళ్ళికొడుకు తండ్రి అది చూసి, "మా పెళ్ళిలో ఇంత దుమ్మెక్కడిదమ్మా!" అని లబోదిబోమన్నాడు. ఆ మాటే ఆ నోటా ఈ నోటా పడి పేరై కూర్చుంది. పోనుపోను జనమే "మాకూ ఆ దుమ్ము వెయ్యమ్మా" అని అడగసాగారు.

ఒకసారి బేకరీలో పనిచేసే అమ్మాయి పెళ్ళి వీడియో వచ్చింది. చిన్నప్పుడు వేడినీళ్ళు పడి ఆ పిల్ల ఎడమ చెంప మీద మచ్చ మిగిలింది. తల్లి దుమ్మక్కను పక్కకు పిలిచింది.

"ఎలాగూ మెత్తగా చేస్తావుగా, ఆ మచ్చ కూడా కనబడకుండా చూడు తల్లీ. దానికి చెప్పకు."

తల్లి మనసు కదా అని దుమ్మక్క సరేనంది. చెంపను నున్నగా చేసేసింది.

తల్లీకూతుళ్ళు చూడడానికి వచ్చారు. కాసేపటికి కూతురు తెరవైపు వేలు చూపించింది.

"అక్కా, ఈ పిల్లెవరు?"

"నువ్వేనే. ఎంత బాగున్నావో!" అంది తల్లి.

"నేను కాదమ్మా. ఆయన చేసుకున్నది నన్ను, ఈ పిల్లను కాదు."

తల్లి తల దించుకుంది. తల్లి అడిగిందని బయటపెట్టలేక దుమ్మక్క, "పొరపాటు నాదేలేమ్మా, సరిచేస్తాను" అంది.

తీరా నునుపు తీసేస్తే మచ్చ ఒక్కటే కళ్ళలో పొడిచినట్టు కనబడింది. దుమ్మక్క ఆ సంగతి చెప్పి తన భర్త దగ్గర వాపోయింది. ఆయన బస్సు డ్రైవరు. "ఆ పిల్ల రోజూ నాకు బ్రెడ్డు ఇస్తుంది. మచ్చ సంగతి నువ్వంటేనే గుర్తొచ్చింది" అన్నాడాయన.

ఇక దుమ్మక్క చెంప జోలికి పోలేదు. మొత్తం బొమ్మ పదునే ఇంకొంచెం తగ్గించింది. మండిపోతున్న దీపాల వెలుగు అణిచింది. రేణువులను ముఖాలకూ గోడలకూ ఒకేలా పరిచింది. మచ్చ ఉంది, కానీ ముఖంలో కలిసిపోయింది.

కూతురు తల్లితో మళ్ళీ వచ్చి చూసి, "ఆ, ఇది నేను! అబ్బో, అంతలా నవ్వానా?" అంది.

తల్లి వెళ్ళబోతూ గుమ్మంలో ఆగింది.

"అవునూ, నా ముడతలు కూడా తగ్గినట్టున్నాయే?"

"పదును తగ్గించాను కదా పిన్నిగారూ, వాటితోపాటే తగ్గాయి. మళ్ళీ పెట్టమంటారా?"

"వద్దులే తల్లీ. పోయినవి పోనీ."