టౌరంగాలో లిన్ ఇచ్చిన మాట

2023 చివర. న్యూజీలాండ్‌లో ఆక్లండ్ ఉత్తరాన ఆల్బనీలో ఉన్న ఒక చిన్న కన్సల్టెన్సీలో నేను పార్ట్‌నర్‌షిప్ మేనేజర్‌ని. ఇప్పటికీ అక్కడే పనిచేస్తున్నాను. గుంటూరు నుంచి ఫోన్ చేసినప్పుడల్లా మా పిన్ని "అసలు నీ పనేంటే?" అని అడుగుతుంది. "పెళ్లిళ్ల పేరయ్య పని పిన్నీ" అంటాను. అబద్ధమేమీ కాదు. చైనాలో సరుకు తయారుచేసే కంపెనీకి ఇక్కడ తగిన భాగస్వామిని వెతికిపెట్టాలి. ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టాలి. సంతకాలయ్యాక కూడా కొన్నాళ్లపాటు ఇద్దరి మధ్యా తిరుగుతూ ఉండాలి. నాకు చైనీస్ రాదు. ఆ అవసరమూ తక్కువే, వచ్చేవాళ్లందరికీ ఇంగ్లీషు వచ్చు. న్యూజీలాండ్ మనిషి "యా, నా" అన్నాడంటే కుదరదని అర్థమని వాళ్లకు చెప్పాలి. చైనా మనిషి "స్టడీ చేస్తాం" అన్నాడంటే ఇక ఆ ప్రస్తావన తేవద్దని అర్థమని వీళ్లకు చెప్పాలి. జీతం ఇచ్చేది ఎక్కువగా దానికే.

ఆ ఏడాది చైనాలోని చింగ్‌దావ్ నుంచి ఒక కంపెనీ మా దగ్గరికి వచ్చింది. వాళ్లు పండ్లు ఏరే యంత్రాలు చేస్తారు. గ్రేడర్ అంటారు దాన్ని. బెల్టు మీద దొర్లుతూ వచ్చే ప్రతి కాయనూ కెమెరాలు అన్నివైపుల నుంచీ చూస్తాయి. సైజును బట్టి, మచ్చలను బట్టి యంత్రమే కాయలను వేరువేరు దారుల్లోకి తోసేస్తుంది. ఆక్లండ్‌కు మూడు గంటల దూరంలో ఉన్న టౌరంగా చుట్టుపక్కలంతా కివీ తోటలు. కోసిన కాయ ముందు ప్యాక్‌హౌస్‌కి వెళ్తుంది. అక్కడ ఏరి, పెట్టెల్లో సర్ది, పోర్టుకు పంపుతారు. ఒక్క ప్యాక్‌హౌస్‌లో తమ యంత్రం నడిచి చూపిస్తే మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే వస్తారని చింగ్‌దావ్ వాళ్ల ఆశ.

ఆ మొదటి ఒక్కరు దొరకడమే గగనమైంది. చాలా ప్యాక్‌హౌస్‌లున్న పెద్ద గ్రూపులు మీటింగుకు టైమ్ కూడా ఇవ్వలేదు. చివరికి టౌరంగాలో రాస్ అనే ఆయన సరేనన్నాడు. అరవై దాటిన మనిషి. తండ్రి కట్టిన ప్యాక్‌హౌస్‌ని భార్య జిల్‌తో కలిసి నడుపుతున్నాడు. అక్కడ క్వాలిటీ సూపర్‌వైజర్ మన తెలుగువాడే, కరీంనగర్ శ్రీకాంత్. స్టూడెంట్‌గా వచ్చి, సెలవుల్లో కివీ కోతలకు వెళ్లి, ఆ ఊళ్లోనే సెటిల్ అయిపోయాడు. నేను తెలుగని తెలిసిన క్షణం నుంచీ నన్ను అక్కా అనే పిలిచాడు.

చింగ్‌దావ్ తరఫున వచ్చిన మనిషి పేరు లిన్. ఎక్స్‌పోర్ట్ మేనేజర్. నలభైకి అటూ ఇటుగా ఉంటుంది. మాటలు తక్కువ, అడిగినదానికి తిన్నగా జవాబు చెబుతుంది. నేను పనిచేసినవాళ్లలో ఆ అలవాటు ఉన్నవాళ్లు అరుదు.

మొదటి సమావేశం రాస్ ఇంటి వంటగదిలోనే జరిగింది. జిల్ స్కోన్లు, అంటే వేడివేడి తీపి బన్నులు పెట్టింది. రాస్ వాటిని ముట్టుకోకుండా విషయానికి వచ్చాడు.

"మీ యంత్రం పెట్టాలంటే కాయలేరే నా పాత లైను పీకెయ్యాలి. కోతల మధ్యలో మీది మొరాయిస్తే నా రైతులు పండు తీసుకుని పక్క ప్యాక్‌హౌస్‌కి పోతారు. పోయినవాళ్లు మళ్లీ రారు. అంత రిస్కు నేనెందుకు తీసుకోవాలి?"

లిన్ బయటికి వెళ్లి హెడ్ ఆఫీసుతో ఫోన్లో చాలాసేపు మాట్లాడి వచ్చింది. "ఈ ప్రాంతమంతటికీ మా సర్వీస్ సెంటర్ మీ దగ్గరే పెడతాం. ఇక్కడ ఎవరు మా యంత్రం కొన్నా బిగించేది మీరు, చూసుకునేది మీరు. మొదట నమ్మినవాళ్లను పక్కన పెట్టం."

"ఇది నీ మాటా, మీ కంపెనీ మాటా?"

"రెండూ ఒకటే" అంది లిన్.

ఆ మాటను కాంట్రాక్టులో పెట్టించాలని నేను పట్టుబట్టాను. మా బాస్ బ్రూస్ ఒప్పుకోలేదు. కాంట్రాక్టంటే రెండు వైపులా లాయర్లు దిగుతారు, ఈలోగా సీజన్ దాటిపోతుంది, ముందు ఎంఓయూ చాలు అన్నాడు. ఎంఓయూ అంటే ఇద్దరూ ఏమనుకున్నారో రాసుకునే కాగితం. మర్యాదకు పనికొస్తుంది, కోర్టుకు పనికిరాదు. బ్రూస్ ఎదురుగానే రాస్‌కు ఆ సంగతి విడమరిచి చెప్పాను. ఆయన నవ్వేశాడు. "నాకు తెలుసు మాధవీ. నేను కాగితాన్ని చూసి యంత్రం పెట్టడం లేదు. ఆమెను చూసి పెడుతున్నాను."

కోతలు మొదలైన వారంలోనే శ్రీకాంత్ ఫోన్ చేశాడు. వెనకాల యంత్రాల హోరులో అతని గొంతు సరిగ్గా వినపడలేదు.

"అక్కా, మంచి మంచి కాయలన్నీ రిజెక్టుల పడేస్తున్నది ఈ మిషన్. రైతులు వచ్చి రాస్ మీదికి లేస్తున్నరు. నువ్వు జల్ది రా, ఆ మేడమ్‌ను గూడ తోల్కరా."

వెళ్లేసరికి యార్డులో ఒక రైతు తన పండును తిరిగి ట్రక్కులోకి ఎక్కిస్తున్నాడు. "చైనా బొమ్మతో ఆడుకో రాస్, నా పంటతో కాదు" అని అందరూ వినేలా అన్నాడు. రాస్ చేతులు జేబుల్లో పెట్టుకుని ట్రక్కు గేటు దాటేదాకా చూస్తూ నిలబడ్డాడు.

తప్పు ఎక్కడుందో ఆ రోజే తెలిసింది. గాలికి ఆకులు రాసుకుని కాయ మీద లేత గీతలు పడతాయి. వాటివల్ల పండుకు ఏ నష్టమూ లేదు. యంత్రం ఆ గీతను కుళ్లు అనుకుంటోంది. చైనా తోటల పండుతో నేర్పిన చదువు దానిది, ఇక్కడి గాలి సంగతి దానికి తెలియదు. మళ్లీ నేర్పాలి.

లిన్ ఆ వారం తిరిగి వెళ్లిపోవాల్సింది. వాళ్లకు పెద్ద ఎగ్జిబిషన్ ఉంది, వెంటనే రమ్మని డైరెక్టర్ నుంచి ఫోన్లు వస్తున్నాయి. ఆమె టికెట్ రద్దు చేసుకుంది. తలకు నెట్, చెవులకు మఫ్స్ పెట్టుకుని, శ్రీకాంత్ పక్కన బెల్టు దగ్గర నిలబడింది. ఒక్కో కాయనూ యంత్రానికి చూపించడం, ఇది మంచిది, ఇది కాదు అని నేర్పడం, ఫలితాలు చింగ్‌దావ్ ఇంజనీర్లకు పంపడం, వాళ్లు మార్చి పంపినదాన్ని మళ్లీ నడిపి చూడటం. ఇక్కడ షిఫ్టు మొదలయ్యేసరికి చైనాలో ఇంకా తెల్లవారదు. ఆమె వాళ్లను నిద్రలేపి మరీ పని చేయించింది. మధ్యాహ్నం అందరితో పాటే స్మోకో రూములో కూర్చుని టీ తాగేది. పనివాళ్ల విరామ గదిని ఇక్కడ అలా పిలుస్తారు. జిల్ ఆమె కోసం ఇంటి నుంచి అన్నం వండి పంపించడం మొదలుపెట్టింది.

నెమ్మదిగా యంత్రం దారికి వచ్చింది. సీజన్ చివరికి వచ్చేసరికి చుట్టుపక్కల ప్యాక్‌హౌస్‌ల వాళ్లు రాస్ లైను చూడటానికి రావడం మొదలైంది. ఆయనే దగ్గరుండి తిప్పి చూపించేవాడు. తన పనివాళ్ల గురించి చెప్పినట్టే ఆ కెమెరాల గురించి చెప్పేవాడు. నా ఉద్యోగంలో అంతగా సంతోషపడిన నెల ఇంకొకటి లేదు.

అలా చూడటానికి వచ్చినవాళ్లలో, మొదట మాకు టైమ్ ఇవ్వని పెద్ద గ్రూపుల్లో ఒకటి కూడా ఉంది. టౌరంగా ప్రాంతమంతటా వాళ్లకు ప్యాక్‌హౌస్‌లున్నాయి. అన్నింటిలోనూ ఈ గ్రేడర్లే పెడతామన్నారు. ఒకే షరతు, ఎక్స్‌క్లూజివిటీ. అంటే ఈ ప్రాంతంలో ఆ యంత్రం అమ్మినా, సర్వీసు చేసినా వాళ్ల ద్వారానే జరగాలి. మరొకరికి చోటు లేదు. చింగ్‌దావ్ ఒక్క మీటింగులో ఒప్పేసుకుంది.

బ్రూస్ నన్ను తన గదిలోకి పిలిచాడు. "రాస్‌కు మర్యాదగా ఒక ఈమెయిల్ రాయి. కంపెనీ వ్యూహంలో మార్పులు వచ్చాయని చెప్పు."

"వాళ్లు కొన్నది రాస్ లైను చూసి కదా బ్రూస్?"

"అవును. అందుకు థాంక్స్ కూడా చెప్పు."

"కనీసం ఆయన ప్యాక్‌హౌస్ సర్వీసు వరకైనా ఆ ఒప్పందంలో మినహాయింపు అడుగుదాం."

"మన క్లయింటు చైనా కంపెనీ మాధవీ. రాస్ కాదు."

అయినా మినహాయింపు క్లాజు నేనే రాసి రెండు వైపులకూ పంపాను. చింగ్‌దావ్ "స్టడీ చేస్తాం" అంది. గ్రూపు లాయరు "యా, నా" అన్నాడు. ఇద్దరి భాషలూ నాకు బాగానే అర్థమయ్యాయి.

సంతకాలకని లిన్ ఆక్లండ్ వచ్చింది. వచ్చీ రాగానే నాకు ఫోన్ చేసింది. "ఈమెయిల్ పంపవద్దు. నేను వెళ్లి చెబుతాను. నువ్వు డ్రైవ్ చేస్తావా?" సంతకాలయ్యేదాకా రాస్‌ను కలవద్దని డైరెక్టర్ ఆమెకు గట్టిగా చెప్పాడట. ఆ సంగతి దారిలో, కైమాయ్ కొండలెక్కుతున్నప్పుడు చెప్పింది.

మేం వస్తున్నామని ముందే చెప్పడంతో జిల్ మంచి కప్పులు తీసి టేబుల్ సర్దింది. శ్రీకాంత్‌ను కూడా పిలిపించారు. లోపలికి అడుగుపెట్టగానే జిల్ నవ్వుతూ అడిగింది. "సర్వీస్ సెంటర్ కాంట్రాక్టు తెచ్చారా?"

లిన్ కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పింది. కంపెనీ ఏం చేసిందో, ఎందుకు చేసిందో, తను వద్దన్నా ఎవరూ వినలేదన్న సంగతితో సహా. క్షమాపణ ఒక్కసారే అడిగింది.

రాస్ తన ముందున్న కప్పును పక్కకు జరిపాడు. తర్వాత అన్నాడు. "రెండూ ఒకటే అన్నావు."

"అన్నాను. అప్పుడు అదే నిజమనుకున్నాను."

శ్రీకాంత్ ఇంగ్లీషులో అడిగాడు. "మరి ఇప్పుడున్న మా యంత్రాన్ని ఎవరు చూస్తారు మేడమ్?"

"వారంటీ ఉన్నంతకాలం భారం మా కంపెనీది. కానీ వచ్చి చేసేది గ్రూపు మనుషులే."

"అంటే కోతల మధ్యలో నా లైను ఆగిపోతే, నాతో పోటీ పడేవాడు వచ్చి బాగుచేస్తాడన్నమాట" అన్నాడు రాస్.

జిల్ ఒక్కో కప్పూ తీసి మళ్లీ అలమరలో పెట్టేసింది. రాస్ మమ్మల్ని కారు దాకా సాగనంపాడు. లిన్ వైపు తిరిగి, "వచ్చి ముఖం మీద చెప్పావు. అది మర్చిపోను. ఇక మాత్రం రావద్దు" అన్నాడు. ఆమె తలూపి కారెక్కింది. తిరుగుదారిలో ఒకచోట కారు ఆపమని అడిగి, దిగి, రోడ్డు పక్కన వానలో కాసేపు నిలబడి వచ్చింది. నేను దిగలేదు.

సంతకాల విందులో లిన్ లేదు. ఆమె టౌరంగా వెళ్లిన సంగతి బయటపడి, ముందే వెనక్కి రప్పించుకున్నారు. దేశీయ అమ్మకాల విభాగానికి మార్చారని తర్వాత తెలిసింది. అక్కడ ఆమె ఇంగ్లీషుతో ఎవరికీ పని లేదు. ఆమెను తీసుకెళ్లినందుకు నాకు బ్రూస్ రాతపూర్వకంగా హెచ్చరిక ఇచ్చాడు. విందులో పెద్ద తెర మీద రాస్ లైను ఫొటో వేసి, పైలట్ సైట్, అంటే మొదట పరీక్షించి చూసిన చోటు అన్నారు. ఎవరి పైలట్ సైటో చెప్పలేదు. రెండు దేశాల మధ్య నమ్మకం గురించి చాలా మాట్లాడారు. బ్రూస్ కూడా మాట్లాడాడు. బాగానే మాట్లాడాడు.

తర్వాతి కోతల్లో భయపడినదే జరిగింది. రాస్ గ్రేడర్ ఆగిపోయింది. గ్రూపు టెక్నీషియన్ వస్తాను వస్తాను అంటూనే రోజులు గడిపాడు. మొదట తమ సొంత ప్యాక్‌హౌస్‌లు చూసుకోవాలి కదా, ఒప్పందం ప్రకారం అందులో తప్పేమీ లేదు. నేను ఫోన్లు చేశాను, చింగ్‌దావ్‌కు రాశాను, మర్యాదగా జవాబులు వచ్చాయి. పండు ఆగదు. రైతులూ ఆగలేదు.

ఆ చలికాలం శ్రీకాంత్ ఫోన్ చేశాడు. "అక్కా, ప్యాక్‌హౌస్ లీజుకిచ్చేసిండు రాస్. ఆ గ్రూపోళ్లకే. మా ఉద్యోగాలేం పోలే. అందరికీ కొత్త జాకెట్లు ఇచ్చిన్రు, వాళ్ల పేరున్నయి." మళ్లీ తనే అన్నాడు. "ఆయనకు గూడ ఇచ్చిన్రక్కా. సైట్ మేనేజర్ అని. వేసుకుని తిరుగుతుంటే జూడబుద్ధి గాలే."

ఈ వృత్తిలోకి రావాలనుకునే పిల్లలు అప్పుడప్పుడు నన్ను సలహా అడుగుతుంటారు. చైనా వాళ్లతో పనిచేయడం కష్టమా అని మొదటి ప్రశ్న. కాదంటాను. నేను చూసినవాళ్లలో ఇచ్చిన మాట కోసం ఉద్యోగాన్ని పణంగా పెట్టింది ఒక చైనా మనిషే. ఆ మాటను కొట్టిపడేసిన సంతకాల్లో అన్ని దేశాలవాళ్లూ ఉన్నారు. మేం సంబంధాలు కలిపేది మనుషుల మధ్య. ఫలం అనుభవించేది కంపెనీలు. మాట ఇచ్చిన మనిషి ఆ కుర్చీలో లేకపోతే ఆ మాటను ఎవరు నిలబెడతారన్నది మొదటి రోజే అడగాలి, జవాబు కాంట్రాక్టులో ఉండాలి. రాస్ కథ నుంచి నేను నేర్చుకున్నది ఇంతే. దానికి ఆయన ప్యాక్‌హౌస్ పోవాల్సి వచ్చింది.

మొన్నీమధ్య క్రైస్ట్‌చర్చ్‌లో ఒక నిర్మాణ సంస్థ యజమాని నన్ను అడిగాడు, తనతో కలవాలనుకుంటున్న చైనా కంపెనీవాళ్లను నమ్మవచ్చా అని. వచ్చిన మనిషిని నమ్మవచ్చు, ఆయన తర్వాత వచ్చేవాడి గురించి కూడా రాయించుకోండి అన్నాను. ఆయన ముఖం చిట్లించుకుని, ఆ సాయంత్రమే బ్రూస్‌కు ఫోన్ చేశాడు. నేను మరీ నెగటివ్‌గా మాట్లాడుతున్నానట. ఆ ఫైలును బ్రూస్ ఇంకొకరికి ఇచ్చేశాడు. వాళ్లు ఎంఓయూతోనే మొదలుపెట్టారు.